గీతల మేడమ్ కుడిచెయ్యి

మా అక్క చేతికి సరిపడే మౌస్ ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదని ఒక దశలో నేను నమ్మేశాను. నాలుగు నెలల్లో నాలుగు రకాలు తెచ్చాను, నాలుగింటికీ వంక పెట్టింది. నేనేమో కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. మౌస్ ఎలా పట్టుకోవాలో పదేళ్లుగా ఊరందరికీ నేర్పినదాన్ని. సొంత అక్క దగ్గరికొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క సర్వే ఆఫీసులో పాత పటాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. స్కాన్ చేసిన పటం తెర మీద ఉంటుంది. పొలం గట్టు వంపు తిరిగిన ప్రతిచోటా మౌస్‌తో ఒక చుక్క పెట్టాలి. చుక్కలన్నీ కలిస్తే హద్దు. ఒక్కో పటానికి రెండు మూడు వేల చుక్కలు. అంతకుముందు ఇరవై రెండేళ్లు అదే గదిలో, అదే బల్ల దగ్గర సిరా పెన్నుతో పటాలు గీసింది. ఆఫీసులో అందరూ ఆమెను గీతల మేడమ్ అనే పిలుస్తారు.

వేసవిలో ఆమె కుడి మణికట్టు వాచింది. చూపుడువేలు తిమ్మిరెక్కడం మొదలైంది. చేతిలో ఉన్న పటాలు నాలుగు నెలల్లో పూర్తికాకపోతే రికార్డు గదికి మారుస్తానని పెద్దసారు మర్యాదగానే చెప్పాడు. అక్కడ పని ఫైళ్లకు నంబర్లు వెయ్యడం. ఈ సంగతి నాకు చెప్పి అక్క గోడవైపు తిరిగి పడుకుంది. గీతల పని పోతే ఆ మనిషి ఏమైపోతుందో నాకు తెలుసు.

మొదట మణికట్టు కింద మెత్తటి దిండున్న ప్యాడ్ తెచ్చాను. "చెయ్యి దాని మీద హాయిగా పడుకుంటోందే, పని చెయ్యట్లేదు" అంది. మర్నాడు, దిండు నరం మీద ఒత్తుకుంటోందని తీసి అవతల పెట్టింది. తర్వాత, అరచెయ్యి పక్కకు తిప్పి పట్టుకునే నిలువు మౌస్ తెచ్చాను. "రోజంతా ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టుంది. ఎవరికివ్వనే?" అంది. బొటనవేలితో బంతి తిప్పే మౌస్ రెండు రోజులే నిలిచింది. బంతి ఆగడం లేదట, చుక్క పక్కవాడి పొలంలో పడుతోందట.

అప్పుడు పలక మీద పెన్నుతో గీసే పరికరం తెచ్చాను. పెన్ను పట్టిన చెయ్యి కదా, ఇక తిరుగులేదనుకున్నాను. రెండు వారాల్లో మూడు పెన్ను ములుకులు అరగదీసి, "నాసిరకం అంటగట్టాడు నీకు" అని నన్నే తప్పుపట్టింది. ఒళ్లు మండి కొట్టుకెళ్లాను. కొట్టాయన ఆ ములుకులు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ అక్కగారు దీంతో రాస్తున్నారా, దున్నుతున్నారా?" అన్నాడు. ఆయన మీద ఎగిరాను గాని, ఆ మాట బుర్రకెక్కించుకోలేదు. మా బావ మాత్రం కాలు మీద కాలేసుకుని, "వేడినీళ్ల కాపడం పెట్టుకుంటే పోయేదానికి ఇంత హడావుడా?" అంటూ కూర్చున్నాడు.

గడువు ఆరు రోజులుందనగా, ఐదోది, తేలిగ్గా నొక్కుకునే మీటలున్న మౌస్, తీసుకుని నేనే ఆఫీసుకు వెళ్లాను. పక్కన కుర్చీ లాక్కుని చూశాను. మామూలు వంపుల దగ్గర పని బాగానే సాగుతోంది. మూడు పొలాలు కలిసే చోటికి రాగానే అక్క పళ్లు బిగించింది. వేలికొస తెల్లబడేదాకా నొక్కి పట్టింది.

"అదేంటే? ఏదీ, నా చేతి మీద నొక్కు" అన్నాను.

నొక్కింది. గోరు దిగింది. అబ్బా అని చెయ్యి లాక్కున్నాను.

"మూడు హద్దులు కలిసే చోటు. గీత లావుగా రావాలి" అంది.

"మౌస్ నొక్కితే గీత లావవుతుందా అక్కా?"

"అవదని నాకు తెలుసులేవే. చేతికి తెలీదు. సిరాతో హద్దు సన్నగా గీస్తే పదేళ్లకి వెలిసిపోతుంది. వెలిసిందంటే అన్నదమ్ములు కర్రలు పట్టుకుని గట్టెక్కుతారు. ఎక్కారు కూడా, ఒకసారి, నేను గీసిన గీత కోసమే."

నాకు జాలి వేయాల్సింది. చిర్రెత్తుకొచ్చింది. "నాలుగు నెలలు నన్ను కొట్ల చుట్టూ తిప్పావు కదే! నీకు ఇటుకరాయి ఇచ్చినా ఇలాగే నొక్కుతావు. ఊరికే తాకు, చాలు" అని వేలు పట్టుకుని పెట్టించాను. చుక్క పడింది. మళ్లీ తాకమన్నాను. పడింది. ఒక గంటలో రెండు వందల చుక్కలు పెట్టింది. చెయ్యి నొప్పి పెట్టలేదు.

మెచ్చుకుంటుందనుకున్నాను. అక్క మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు.

"ఇంత తేలికైతే ఇది ఎవరైనా చేసేస్తారు కదే. మరి నేనెందుకు?"

కన్నీళ్లు చూడలేక, "నువ్వు లే, మొహం కడుక్కో. ఈలోపు నేను పెడతాను" అని మౌస్ లాక్కున్నాను. అక్క లేచి నా వెనకే నిలబడింది. నేను టకటకా పదిహేను చుక్కలు పెట్టాను. ఒకచోట పటం మీద పాత నీటిమరక ఉంది, గట్టు కనబడలేదు. తిన్నగా దాటించేశాను.

"ఆగాగు! బావిని పక్కవాడికిచ్చేశావేంటే?"

"ఏ బావి?"

"మరక కింద బావి ఉంది. దాని పక్క పటం గీసింది నేనే. గట్టు ఆ బావి చుట్టూ తిరిగి వెళుతుంది. కళ్లు నెత్తికెక్కాయా? ఇదేనా నువ్వు పాఠాలు చెప్పేది?"

"నాకెలా తెలుస్తుంది?"

"తెలియనప్పుడు గీస్తావా? లే, లే" అని నన్ను కుర్చీలోంచి తోసి కూర్చుంది. ముక్కు ఎగబీలుస్తూ, నన్ను తిడుతూ, నా చుక్కలన్నీ ఒక్కొక్కటిగా చెరిపేసింది. తర్వాత మరక చుట్టూ వేలు ఆనీ ఆననట్టు తాకుతూ పోయింది. ఎవరిదో బావి మళ్లీ వాళ్లకు చేరింది.