ఇరవై రెండో నంబరు

1986 నవంబరు 21, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డులో మా బస్సు ఇంజను వేడెక్కి ఆగిన సమయమది. ఆనాడే డైరీలో రాసుకున్నాను. దయ్యాలున్నాయన్న వారితో స్టాఫ్ రూంలో ఏళ్ల తరబడి వాదించినవాణ్ణి. ఇప్పటికీ ఉన్నాయని అనను. జరిగింది మాత్రం రాస్తాను.

సిరిసిల్ల బాలికల ఖో-ఖో జట్లను ఆదిలాబాద్ పోటీలకు తీసుకెళ్తున్నాను. సీనియర్లు, జూనియర్లు, సబ్ జూనియర్లు తొమ్మిదేసి మంది. మొత్తం ఇరవై ఏడు. రావలసిన టీచరమ్మ జ్వరంతో ఆగిపోగా, వారి వెంట పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. ఎక్కడ ఆగి బయలుదేరినా పిల్లలు వరుసగా తమ నంబర్లు పలకాలి, నేను పుస్తకంలో టిక్కు పెట్టుకోవాలి. ఇరవై రెండు సుగుణ, పదకొండేళ్లది. అందరూ అంకె చెప్పి ఊరుకుంటే ఆ పిల్ల మాత్రం "ఇరువై రెండు, సార్" అనేది. పెద్ద పిల్లలు ప్రతిసారీ నవ్వేవారు.

ఆమె తండ్రి మరమగ్గాల కార్మికుడు. బయలుదేరే ముందు నాతో ఒక్క మాటే అన్నాడు: "ఎన్నడు ఊరు దాటని పిల్ల సార్. మిమ్ముల జూసి తోలుతున్న."

బస్సు ఆగినప్పుడు ఆడపిల్లలు వాగు వైపు వెళ్లారు కనుక నేను రోడ్డు మీద వాగుకు వీపు పెట్టి నిలబడ్డాను. డ్రైవరు తొందరపెట్టాడు. అందరూ ఎక్కారా అంటే ఎక్కామన్నారు. కదిలాక, సరిగ్గా నాలుగు గంటలకు, నంబర్లు పలికించాను. తల వంచి పుస్తకమే చూస్తున్నాను. "ఇరువై రెండు, సార్" వినిపించింది. వెనక నవ్వారు. ఇరవై ఏడు టిక్కులు పడ్డాయి.

నేరడిగొండలో అటుకుల పొట్లాలు పంచితే ఒకటి మిగిలింది. సుగుణ లేదు.

ఆమె పక్క సీటు లతది, ఇరవై ఒకటో నంబరు. అడిగితే ఏడుస్తూ చెప్పింది: "నా పక్కకెల్లే ఇనవడ్డది సార్. నేను కిటికీ దిక్కు జూస్తున్న."

బస్సును వెనక్కి తిప్పించాను. కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టడం తప్ప నాకేమీ చేతకాలేదు. పిల్ల దొరకకపోతే సిరిసిల్లకు తిరిగి వెళ్లకూడదని మనసులో తేల్చుకున్నాను.

ఐదు గంటలకు వాగు చేరాం. పొద్దు వాలుతోంది. పేరు పెట్టి గొంతు పోయేదాకా పిలిచాను. జవాబు లేదు. చివరికి పిల్లలందరినీ రోడ్డంచున నిలబెట్టి నంబర్లు పలకమన్నాను. లత "ఇరువై ఒకటి" అని ఆగింది.

"ఇరువై రెండు, సార్."

కింద, బండల సందులో ఉంది. మడమ బెణికి ఎక్కలేకపోయింది. ఎత్తుకుంటే విసుగ్గా అడిగింది: "ఇందాక గూడ చెప్పిన గద సార్, మళ్లెందుకు అడుగుతుండ్రు? లత నా చెవుల కాడనే ఇరువై ఒకటి అన్నది."

ఆ పిల్ల చెప్పిన 'ఇందాక', అంటే నాలుగు గంటలకు, మేము ఎన్నో మలుపుల అవతల ఉన్నాం. తర్వాత విన్నవారు అలసట అన్నారు, అలవాటన్నారు. నవ్విన పిల్లలందరినీ విడివిడిగా అడిగాను. అందరూ విన్నామనే చెప్పారు.

తిరిగొచ్చాక తండ్రి నన్ను తిట్టలేదు. "పిల్లను పట్టుకచ్చిండ్రు, గంతే చాలు. ఇగ తోలను సార్" అన్నాడు. ఆ వారంలోనే మరో నాలుగిళ్లవారు తమ పిల్లలను మాన్పించారు.

పోయినవి: సబ్ జూనియర్ జట్టు, అందులో ఐదుగురు ఆటగాళ్లు, ఒక తండ్రి నమ్మకం. మిగిలినవి: సుగుణ, ఒక అటుకుల పొట్లం, నాలుగు గంటలకు ఆమె పేరు ఎదుట నేను పెట్టిన టిక్కు.