మీదే మేడమ్

ఈ లోకంలో దిక్కులేని వస్తువంటూ ఉండదని ఆ బడి ఆఫీసులో కూర్చునే ఆవిడకి గట్టి నమ్మకం. బెంచీ కింద దొరికిన రబ్బరు ముక్క దగ్గర్నుంచి కొళాయి దగ్గర మిగిలిపోయిన మేజోడు దాకా ప్రతిదానికీ ఒక సొంతదారు ఉంటారు. ఆ సొంతదారు ఎవరో ఆవిడే తేలుస్తుంది. తేల్చాక ఇక అప్పీలు లేదు. సాయంత్రం గేటు దగ్గర మనిషిని పట్టుకుని, "ఇది మీదే, తీసుకెళ్లండి" అంటుంది. మాది కాదండీ అంటే, "మీదే" అంటుంది. మేము అసలు అలాంటిది కొననే లేదండీ అని మొత్తుకుంటే, ఈసారి జాలిగా, "మీదే" అంటుంది. అందుకే పిల్లల తల్లిదండ్రులంతా ఆవిడని 'మీదే మేడమ్' అని పిలుచుకునేవారు.

ప్రతి శుక్రవారం పిల్లల సంచుల్లో ఇంటికొచ్చే 'బడి కబుర్లు' కాగితం రాసేది కూడా ఆవిడే. 'తల్లులకు, తండ్రులకు, తాతలకు, అత్తలకు, పొద్దున్నే పిల్లల్ని దింపి పరిగెత్తే సమస్త జనానికి' అని మొదలయ్యేది. పైన వార్తలు రెండు లైన్లు, వాటి కింద గుర్తుంచుకోవలసినవి ఇంకో రెండు. మిగిలిన కాగితమంతా దొరికిన వస్తువులదే.

'వార్త: ఒకటో తరగతి వాళ్లు చిక్కుడు గింజలు నాటారు, మొలకలొచ్చాయి. గుర్తుంచుకోండి: సోమవారం ఫొటోలు తీస్తారు, తలలు దువ్వి పంపండి. దొరికినవి: నీలం మేజోడు, ఒంటిది. రెండోది మీ ఇంట్లోనే ఉంది. లేదు అనకండి. మంచం కింద చూశారా?'

ఆ వారం ఎంతోమంది పెద్దమనుషులు మంచాల కింద దూరారు. మేజోడు దొరకలేదు గానీ, ఒకాయనకి ఎప్పుడో పోయిన కళ్లజోడు దొరికింది. దాంతో ఆవిడ మీద జనానికి భయం ఇంకా పెరిగింది.

ఈ కాగితాన్ని అందరికంటే శ్రద్ధగా చదివేది రెండో తరగతి చిట్టి వాళ్ల నాన్న. ఆయన నీళ్ల పరీక్షలు చేసే ల్యాబులో కెమిస్టు. నీళ్లను పరీక్ష చేయందే నమ్మడు. కూతురి విషయంలో పరీక్ష చేశాక కూడా నమ్మడు. 'చలిగా ఉండొచ్చు, స్వెట్టరు పంపండి' అని కాగితంలో ఉంటే, పిల్లకి ఒకటి తొడిగి, ఇంకోటి సంచిలో కుక్కి, మూడోది తన చేత్తో పట్టుకుని గేటు దాకా వచ్చేవాడు.

"బడికి పంపుతున్నావా, మంచుకొండ ఎక్కిస్తున్నావా?" అనేది వాళ్లావిడ.

ఇలాంటి మనిషికి అలాంటి మేడమ్ తగిలింది. మొదటి రోజే ఒక ఆకుపచ్చ నీళ్ల సీసా ఆయన చేతిలో పెట్టింది.

"బాబూ, మీ పాప సీసా."

"మా పాపది ఎర్ర సీసా అండీ. ఇదిగో, దాని మెడలోనే వేలాడుతోంది."

"అది ఇంటి సీసా. ఇది బడి సీసా."

"మాకు రెండు సీసాలు లేవండీ."

"ఇప్పుడున్నాయిగా."

ఎవరి నోట్లో పెట్టుకున్న సీసానో అని ఆ రాత్రి కెమిస్టుకి నిద్ర పట్టలేదు. మర్నాడు ల్యాబుకి పట్టుకెళ్లి, తెలిసిన పరీక్షలన్నీ చేసి, హానికరమైనవేవీ లేవు అన్న రిపోర్టుతో సహా తిరిగి తెచ్చాడు. మేడమ్ ఆ రిపోర్టును నోటీసు బోర్డుకి అంటించి, "చూశారా, మీ సీసా ఎంత శుభ్రంగా ఉందో" అని దాన్ని మళ్లీ ఆయనకే ఇచ్చేసింది.

సీసా దగ్గర ఓడాడు. టోపీ దగ్గర ఓడాడు. ఒక్క గొడుగు దగ్గర మాత్రం లొంగలేదు. అది ఊదా రంగు గొడుగు. పిడి వదులై, బట్ట వేలాడిపోయి, ముసలి గబ్బిలంలా ఆఫీసు గోడకి మేకు మీద ఉండేది. వాన పడిన ప్రతిసారీ మేడమ్ దాన్ని తీసి ఆయనకి చూపించేది. ఆయన కాదనేవాడు. తన నల్ల గొడుగు తెచ్చి చూపించాడు. చివరికి, వాళ్లంతా వానలో నిలబడి దిగిన ఫొటో కూడా తెచ్చాడు.

మేడమ్ ఫొటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ముగ్గురూ తడుస్తున్నారు కదా?"

"అవునండీ."

"మరి గొడుగేది?"

"లేదండీ."

"అదే నేననేది. ఇక్కడ మర్చిపోయారు."

ఈ వాదం మొదలైందంటే గేటు దగ్గర జనం ఇంటి పనులు మానుకుని నిలబడేవారు. అందరికంటే ముందు వరసలో తాళాల తాతయ్య ఉండేవాడు. వీధి చివర చిన్న గదిలో తాళాలు బాగుచేస్తాడు. మనవరాలు తప్ప ఆయనకింకెవరూ లేరు, ఆ పిల్లకీ ఆయన తప్ప ఇంకెవరూ లేరు. ఆ పిల్ల చిట్టి క్లాసే. పరిగెడితే కనబడదు, చప్పుడు మాత్రమే వినబడుతుంది. అందుకని క్లాసులో అందరూ పిడుగు అనేవాళ్లు.

అలా నవ్వుల్లో ఏడాది గడిచిపోతుండగా ఒక శుక్రవారం ఈ కబురొచ్చింది: 'వార్త: వచ్చే శనివారం ఆటల పోటీలు. గుర్తుంచుకోండి: పరుగులో పాల్గొనేవాళ్లకి తెల్ల బూట్లు తప్పనిసరి. ఈ రూలు పెట్టింది నేను కాదు, పెద్ద మేడమ్.'

చిట్టికి కాలు నేల మీద నిలవలేదు. నలుగురు కర్ర అందించుకుంటూ పరిగెత్తే పందెంలో రెండో తరగతి తరఫున మూడో మనిషి తను, నాలుగో మనిషి పిడుగు. పోయినేడాది ఈ తరగతి జట్టు అందరికంటే వెనకొచ్చింది. ఈసారి పిడుగుంది. ఇంట్లో గరిటె పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెత్తి, ఎదురొచ్చినవాళ్ల చేతిలో పెట్టేది. కెమిస్టు గడ్డం గీసుకుంటుంటే గరిటె. వాళ్లావిడ ఫోన్లో మాట్లాడుతుంటే గరిటె. కూరలోకి కావలసినప్పుడు మాత్రం గరిటె కనబడేది కాదు.

బుధవారం నాడు చిట్టి బడి నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"పిడుగు పరిగెత్తదంట నాన్నా. కాలు నొప్పంట."

"ఏ కాలు?"

"పొద్దున కుడిది. సాయంత్రం ఎడమది."

కెమిస్టు ఆలోచించాడు. ఆ సాయంత్రమే గంట కొట్టగానే అదే పిడుగు చెప్పులతో బెంచీ మీద నుంచి దూకడం ఆయన కళ్లారా చూశాడు. పొద్దునకీ సాయంత్రానికీ చోటు మారే నొప్పి కాలిది కాదు, బూట్లది.

"కొనిచ్చేద్దాం" అన్నాడు భార్యతో.

"ఆయన తీసుకుంటాడా? టీచరుగారు సంచి ఇస్తే ఏం చేశాడు?"

అదీ నిజమే. పిడుగు పుస్తకాల సంచి చిరిగిందని టీచరు కొత్తది ఇస్తే, తాతయ్య దాన్ని చక్కగా మడతపెట్టి, "మాకు ఉందమ్మా" అని తిరిగిచ్చేశాడు. పాత సంచిని తాళాలకి వాడే సన్న తీగతో కుట్టి పంపాడు. ఆ తర్వాత చాలా రోజులు టీచరు ఎదురుపడితే పక్క వీధిలోంచి వెళ్లేవాడు. ఇప్పుడు బూట్లు ఇస్తామంటే మనవరాల్ని శనివారం గుమ్మం దాటనివ్వడు. నాలుగో మనిషి లేకపోతే జట్టే లేదు. చిట్టి గరిటెని వంటింట్లో పెట్టేసి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు సాయంత్రం, బడిలో మరిచిపోయిన మూడో స్వెట్టరు కోసం కెమిస్టు వెనక్కి వెళ్లాడు. ఆఫీసులో ఎవరూ లేరు. వెనక వైపు ఏదో చప్పుడవుతుంటే తొంగిచూశాడు. చూసి, స్వెట్టరు మాట మరిచిపోయి ఇంటికొచ్చేశాడు.

"ఆవిడకి ఏదో అయింది" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"ఎవరికి?"

"మీదే మేడమ్‌కి. గొంతుక్కూర్చుని, తెల్ల బూట్లు చేతులకి తొడుక్కుని, బురదలో నడిపిస్తోంది. కాసేపు నడిపించి, వాటి ముక్కులు గోడకేసి రుద్దింది. మళ్లీ నడిపించింది."

"నువ్వేం చేశావు?"

"చప్పుడు చేయకుండా వచ్చేశాను."

శుక్రవారం కాగితం పొద్దున్నే చేతికొచ్చింది. 'వార్త: రేపే పోటీలు. గుర్తుంచుకోండి: నీళ్ల సీసా, టోపీ. దొరికినవి: తెల్ల బూట్లు, జత, కాస్త మురికి. సొంతదారు ఎవరో నాకు తెలుసు. సాయంత్రం గేటు దగ్గరే ఉంటాను. తప్పించుకోవాలని చూడకండి.'

ఆ సాయంత్రం జనం గేట్లోంచి పక్కకి తిరిగి నడుస్తూ బయటపడ్డారు. మేడమ్ ఎవర్నీ ఆపలేదు. తాళాల తాతయ్య రాగానే దారికి అడ్డంగా నిలబడింది.

"తాతయ్యగారూ, ఇవి మీవే."

"మావి కాదమ్మా. మా పిల్లకి బూట్లు లేవు."

"బడిలో వదిలేస్తే ఇంట్లో ఎలా ఉంటాయి?"

"కొంటే కదా వదలడానికి."

"కొన్నారు. మర్చిపోయారు."

"మర్చిపోయే వయసా నాది?" అని, చుట్టూ జనం నవ్వేసరికి ఆయన కూడా కాస్త నవ్వాడు. అంతలోనే మొహం బిగుసుకుంది. "ఒక మాట చెప్పమ్మా. వీటిని ఎవరైనా ఇప్పించారా?"

నవ్వులు ఆగిపోయాయి. పిడుగు ఒంటికాలి మీద నిలబడి బూట్ల వంక రెప్ప వేయకుండా చూస్తోంది. చిట్టి, నాన్న వేలు పట్టుకుని నలిపేస్తోంది.

మేడమ్ తొణకలేదు. జనంలో కళ్లు తిప్పి కెమిస్టు దగ్గర ఆపింది. "బాబూ, నువ్వు సైన్సు చదివావుగా. ఇవి కొత్తవో వాడినవో నువ్వే చెప్పు."

అప్పుడు వెలిగింది కెమిస్టుకి, నిన్నటి బురద నడక దేనికో. సీసాలో లేనిదాన్ని కాగితం మీద ఉందని ఆయన ఉద్యోగంలో ఏనాడూ రాయలేదు. రెండు బూట్లూ అందుకుని, వెలుతురుకి అటూ ఇటూ తిప్పాడు.

"కొత్తవి కావండీ" అన్నాడు. "మడమ దగ్గర పట్టిన మట్టి ఈ బడి మట్టే. ముక్కు అరిగిందంటే, కాలి ముందు భాగం మీద పరిగెత్తే పిల్ల. కుడిదానికంటే ఎడమది ఎక్కువ అరిగింది. మలుపులో ఎడమకి వాలి పరిగెత్తేవాళ్లకే ఇలా అరుగుతుంది. రెండో తరగతిలో అలా పరిగెత్తేది..."

"పిడుగే" అంది చిట్టి.

తాతయ్య ఆయన్ని తాళంలోకి చూసినట్టు చూశాడు. "చదువుకున్నవాడివి, నీ మాట కాదనను బాబూ. కానీ ఒక్కటి చెప్పు. ఈవిడ మీదే అన్నది ఏదైనా నిజంగా మనదే అయితే, మరి ఆ ఊదా గొడుగు?"

అందరి తలలూ ఆఫీసు గోడ వైపు తిరిగాయి. గొడుగు మేకు మీద వేలాడుతోంది. ఏడాది వాదన, నల్ల గొడుగు, వాన ఫొటో అన్నీ కెమిస్టు కళ్ల ముందు తిరిగాయి. చిట్టి వేలు వదల్లేదు.

"అది... నాదేనండీ."

"వినబడలేదు బాబూ" అన్నాడు తాతయ్య.

"నాదే. మర్చిపోయాను."

గేటు దగ్గర ఒకరిద్దరు ఈల వేశారు. మేడమ్ వెళ్లి గొడుగు తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతిలో పెట్టింది. "చెప్పానా?" అని మాత్రం అంది.

తాతయ్య బూట్లు అందుకుని, వంగి మనవరాలి కాళ్ల ముందు పెట్టాడు. "వేసుకో. ఇకనుంచి ఎక్కడపడితే అక్కడ వదిలేయకు." లేచి కెమిస్టు వైపు చెయ్యి చాచాడు. "ఆ గొడుగు ఇలా ఇవ్వు బాబూ. పిడి ఊడేట్టుంది. రేపు బిగించి తెస్తాను."

జనం వెళ్లాక కెమిస్టు ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. ల్యాబులో ఒక పద్ధతుంది. అసలు నీళ్లను పరీక్షించేటప్పుడు పక్కన ఉత్త నీళ్ల సీసాలు కూడా వరసగా పెడతారు, వాటితో పోల్చి చూడడానికి. ఏడాది పొడుగునా తనూ, సీసాలు మోసినవాళ్లూ, మంచాల కింద దూరినవాళ్లూ ఆ ఉత్త నీళ్ల సీసాలన్నమాట. అందరికీ అంటగడితేనే ఒకరికి ఇచ్చినట్టు కనబడదు.

"మేడమ్, అయితే ఇన్నాళ్లూ మీరు..."

"బీరువాలో చోటు లేదు బాబూ" అంది ఆవిడ. గోళ్లలో ఇంకా బురద ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

శనివారం మబ్బు పట్టింది. మైదానం చుట్టూ తాడు కట్టారు, తాడు చుట్టూ జనం. మొదటి పిల్ల వెనకబడింది, రెండో పిల్ల పడి లేచింది. చిట్టి గరిటె సాధనంతా ఆ కొద్ది దూరంలో చూపించి కర్రని పిడుగు చేతిలో పెట్టింది. అంతే. తెల్లగా ఏదో మెరిసింది. ముందున్న పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి జరిగిపోతున్నట్టు అనిపించింది. కెమిస్టు తాడు దాటి లోపలికొచ్చేశానని కూడా గమనించకుండా అరుస్తున్నాడు. వాళ్లావిడ ఆయన చొక్కా పట్టుకుని లాగుతూ తనూ అరుస్తోంది. పిడుగు గీత దాటింది, గీత తర్వాత ఆగలేక ఆఫీసు మెట్లు దాటింది, మేడమ్‌ని గుద్దుకుని అక్కడ ఆగింది. బూట్లు ఒక సైజు పెద్దవి కావడంతో, ఒకటి మధ్యలోనే గాల్లోకి లేచి జనంలో పడింది.

మొదటి స్థానం రెండో తరగతిదని మైకులో చెబుతున్నారు. మేడమ్ పిడుగుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో, జనం అందించిన ఆ బూటు పైకెత్తింది. "ఇది ఎవరిది?"

"మాదే" అన్నాడు తాళాల తాతయ్య, మైకు కంటే గట్టిగా.

అంతలో చినుకులు మొదలయ్యాయి. తాతయ్య సంచిలోంచి ఊదా గొడుగు తీసి ఇచ్చాడు. పిడి గట్టిగా ఉంది. మీట నొక్కగానే గబ్బిలం లేచి నిలబడింది. దాని కింద చిట్టి, పిడుగు, కెమిస్టు, తాతయ్య ఇరుక్కుని నిలబడ్డారు. అప్పుడు నాలుగో తరగతి పిల్లాడి అమ్మ ఒకావిడ దగ్గరికొచ్చి, గొడుగు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏమండీ, పోయినేడాది మాది అచ్చం ఇలాంటిదే పోయింది. కాకపోతే పిడి వదులుగా ఉండేది."

కెమిస్టు గొడుగు ఇచ్చేయబోయి ఆగాడు. పక్కన తాతయ్య ఉన్నాడు. ఇంతలో వెనక నుంచి మేడమ్ వచ్చింది.

"అది ఆయనదమ్మా. ఎన్నిసార్లు చెప్పినా తీసుకెళ్లడు." చేతి సంచిలోంచి ఒంటి నీలం మేజోడు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "మీది ఇదిగో."

"అయ్యో, ఇది మాది కాదండీ."

"మీదే" అన్నారు కెమిస్టూ, తాతయ్యా, ఇద్దరూ ఒక్కసారే.