నలుగురేసి పాడిన క్రిస్మస్

ఎనభై ఎనిమిది వానాకాలంలో, సర్కారు దిగిపోవాలంటూ రంగూన్ అంతా వీధుల్లోకి వచ్చింది. నాకు పందొమ్మిదేళ్ళు. నేనూ వెళ్ళాను, గొంతు పోయేదాకా బర్మీసులో నినాదాలిచ్చాను. వానలు తగ్గేసరికి సైన్యం గద్దెనెక్కింది. కాల్పులు జరిగాయి. నాతో నడిచిన ఇద్దరు స్నేహితురాళ్ళు ఇళ్ళకు తిరిగి రాలేదు. యూనివర్సిటీ మూసేశారు. చీకటి పడితే బయట తిరగకూడదన్నారు, ఐదుగురు ఒకచోట చేరకూడదన్నారు.

లత అనే పేటలో ఇరుకు మెట్ల పాత మేడ మాది. అందులో రెండో అంతస్తులో మేనత్తా నేనూ ఉండేవాళ్ళం. నాన్న తెలుగాయన, అమ్మ బర్మా మనిషి. ఇద్దరూ పోయాక నన్ను పెంచింది అత్తే. ఆమె సర్కారు ఆస్పత్రిలో నర్సు, మా తెలుగు చర్చిలో క్వైర్ నడిపే మనిషి. ఆమె తెలుగులో అడిగితే నేను బర్మీసులో జవాబు చెప్పేదాన్ని. మా సంసారం అలాగే సాగిపోయేది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా అత్త క్వైర్ ప్రాక్టీసుకి అనుమతి అడగడానికి వార్డు పెద్ద దగ్గరికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

"బర్మీసులో పాడుకోండి, ఇస్తాను. మీ భాషలో మీరేం పాడుతున్నారో నాకెలా తెలుస్తుంది, సయామ?" అన్నాడాయన, నర్సమ్మల్ని పిలిచే మర్యాద పిలుపుతో.

అత్త నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది. దారిలో నాతో అంది: "మా తాత సిక్కోలు నుంచి ఓడెక్కినపుడు ఆ క్రిస్మస్ పాటొక్కటే అట్టుకొచ్చినాడు గుంటా. ఆ పెద్దమనిషి సెప్పినాడని దాన్ని మార్సీమంతావేటి?"

"ఐదుగురు చేరకూడదుగా, అత్తా," అన్నాను, బర్మీసులోనే.

"అయితే నలుగురేసి పాడతాం."

అన్నట్టే చేసింది. మా మేడలో మూడు అంతస్తుల్లో తెలుగువాళ్ళున్నారు. ఒక్కో ఇంట్లో నలుగురేసి కూర్చోవాలి. వీధిలోంచి సరుకులు లాక్కోవడానికి మా వరండాల నుంచి తాళ్ళు వేలాడతాయి, తాడు లాగితే లోపల గంట మోగుతుంది. అత్త రెండో అంతస్తు వరండాలో నిలబడి పైవాళ్ళ తాడొకటి, కిందివాళ్ళు పైకి అందించిన తాడొకటి చేత పట్టుకునేది. గంట మోగగానే మూడిళ్ళూ ఒక్కసారి ఎత్తుకోవాలి. మొదటి ఆదివారం పైవాళ్ళు ఒక చరణం వెనకబడ్డారు. ఎదురు మేడలో చైనా ముసలావిడ కిటికీ తెరుచుకుని నవ్వుతూ విన్నది.

నాకు తెలుగు చదవడం రాదు. మాటల్ని బర్మీసు అక్షరాల్లో రాసుకున్నాను. బర్మీసు నోటికి ర పలకదు, య అయిపోతుంది.

"యాయండి కాదు, రారండి," అనేది అత్త. "నాలిక కదల్నీ. ఎవుల్ని సూసి బయం?"

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం వార్డు పెద్ద ఇద్దరు సైనికులతో మెట్లెక్కి వచ్చాడు. కింది ఇంట్లో లెక్కపెట్టాడు, నలుగురు. మా ఇంటికొచ్చాడు. నాతో కలిపి గదిలో నలుగురం, వరండాలో తాళ్ళు పట్టుకుని అత్త.

"ఐదుగురు," అన్నాడొక సైనికుడు.

అత్త ఏదో అనబోయింది. నేను లేచి, సైనికుల మధ్యగా బయటికి నడిచి, మెట్ల మీద నిలబడ్డాను. వీధిలో నాతో నడిచిన ఆ ఇద్దరూ గుర్తొచ్చారు, వాళ్ళను అడ్డుకున్న యూనిఫాం కూడా ఇదే. గంట కోసం ఆగకుండా పాట ఎత్తుకున్నాను, ఒక్కదాన్నే, తెలుగులో. ర అన్నచోటల్లా గట్టిగా ర అన్నాను. మొదటి చరణం అయ్యేలోపు పైనుంచి నలుగురు అందుకున్నారు, తరవాత కిందివాళ్ళు. ఆ ఇరుకు మెట్ల గోడల మధ్య అది చర్చిలోకన్నా గట్టిగా మోగింది.

పాట పూర్తయ్యేదాకా వార్డు పెద్దా సైనికులూ నిలబడే ఉన్నారు, ఎందుకో. పూర్తయ్యాక అత్తను రమ్మన్నారు. నేనూ వెంటపడి వెళ్ళాను. వార్డు ఆఫీసులో బల్ల మీద కూర్చోబెట్టి, ఇంకోసారి జరిగితే చర్చికి తాళం పడుతుందని వార్డు పెద్ద బెదిరించాడు. ఇకమీదట పాడనని చెప్పమన్నాడు.

"ఆదివారం వస్తే పాడతాను. మీకు తెలియకుండా పాడను, కిటికీలు తెరిచే ఉంటాయి," అంది అత్త చక్కని బర్మీసులో.

కర్ఫ్యూ వేళకు ముందు వదిలేశారు. ఇంటికి నడుస్తూ అడిగాను: "నీకు భయం వెయ్యలేదా అత్తా?"

అడిగింది తెలుగులో అని నేను గమనించలేదు. ఆమె గమనించింది. "ఏసింది," అని మాత్రం అంది.

మరుసటి ఆదివారమూ పాడాం. క్రిస్మస్ పొద్దున చర్చిలో అందరం ఒక్కచోట నిలబడి పాడాం. బయట లారీలో సైనికులున్నారు గానీ లోపలికి రాలేదు. కొత్త సంవత్సరంలో అత్త ఉద్యోగం తీసేశారు. కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు. పొద్దున్నే ఇంట్లో ఇడ్లీలు వేసి అమ్మేది, మధ్యాహ్నాలు నాకు అక్షరాలు నేర్పేది. యూనివర్సిటీ మళ్ళీ తెరిచేలోపు నేను కీర్తనల పుస్తకం తడుముకోకుండా చదవగలిగాను.

ముసలితనంలో అత్త నది దాటి దలా ఊళ్ళో చుట్టాల దగ్గరికి వెళ్ళింది, అక్కడే పోయింది. సమాధి దగ్గర వాక్యం చదవమని నన్ను అడిగిన చర్చి పెద్ద మెల్లిగా, "బర్మీసులో సదువమ్మా, పిల్లలకి తెలుగు అర్దం కాదు," అన్నాడు.

"అర్థం కాకపోతే అడుగుతారు లెండి, చెబుతాను," అన్నాను.

తెలుగులోనే చదివాను. తరవాత టీ తాగుతుంటే అత్తకు మనవరాలి వరసయ్యే పిల్ల ఒకతి వచ్చి, బర్మీసులో, ఒక మాటకు అర్థం అడిగింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.