లారీలు మళ్లిన దారి

మా మేనత్త పోయిన వార్త రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా తెలిసింది. ఆమె కూతురు ఫోన్ చేసింది. "బావా, అమ్మ ఇగ లేదు. పొద్దుగాల చాయ్ తాగి, జర పండుకుంట అన్నది. లేపితే లేవలే." అంతే చెప్పి ఫోన్ పెట్టేసింది. వెనక వచ్చేవాళ్లు నన్ను తోసుకుంటూ దిగిపోతుంటే గోడవారకు జరిగి నిలబడ్డాను. రెండేళ్లుగా ఊపిరితిత్తుల జబ్బుతో తీసుకుంటున్న మనిషి. ఎక్కువ రోజులు ఉండదని అందరికీ తెలుసు. ఆఫీసుకు రానని మెసేజ్ పెట్టి ఊరి దారి పట్టాను.

గోపన్‌పల్లి దాటి ఇంకా లోపలికి వెళ్తే మా ఊరు. అత్త అక్కడ ఒక దఫా వార్డు మెంబరు. చదివింది ఐదో తరగతి. మా అమ్మ పనికి పోయే రోజుల్లో నాకు అన్నం పెట్టి బడికి పంపింది ఆమే. కోపం వస్తే గొంతు పెంచేది కాదు, తగ్గించేది. ఆఫీసుల్లో ఎవరేం చెప్పినా పూర్తిగా విని, "అంటే సారు, మీరు అనేది గిట్లనా?" అని తన మాటల్లో తిరిగి చెప్పేది. అలా చెప్పేసరికి అవతలివాళ్లకు తమ మాట తమకే బాగుండేది కాదు.

ఐటీ ఆఫీసుల టవర్ల కోసం బండలు పేల్చి సెల్లార్లు తవ్వడం మొదలయ్యాక, ఆ రాళ్లూ మట్టీ మోసే టిప్పర్లు మా ఊరి రోడ్డు పట్టాయి. పెద్ద రోడ్డు మీద పగటిపూట వాటికి అనుమతి లేదు. మా రోడ్డు మీద అడిగేవాళ్లే లేరు. బస్సు వస్తే ఎదురొచ్చే ఆటో పక్కకు మట్టిలోకి దిగాల్సినంత సన్నటి రోడ్డది. ఏడాది తిరక్కుండానే మోకాలిలోతు గుంతలు పడ్డాయి. దుమ్ముకు బట్టలు ఇంట్లోనే ఆరేసుకున్నాం, తలుపులు మూసుకుని అన్నాలు తిన్నాం. ఒక ఆదివారం టిప్పరు గుద్ది బడి గోడ కూలింది. అదే ఇంకో రోజైతే ఏమయ్యేదో తలచుకుని అత్త ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి తిరగడం మొదలుపెట్టింది. రోడ్డు తమది కాదంది పంచాయతీ. రోడ్డు తమదే గాని లారీలు తమవి కావన్నాడు ఇంజనీరు. ఆర్డరుంటే ఆపుతామన్నారు పోలీసులు. అత్త గ్రామసభలో తీర్మానం చేయించింది. దాన్ని పట్టుకుని ఎనిమిది నెలలు తిరిగాక, ఊరి మొదట్లో రెండు ఇనుప స్తంభాలు పాతి అడ్డంగా దూలం బిగించారు. టిప్పరు పట్టని ఎత్తు. బస్సు కూడా పట్టదు. మెయిన్ రోడ్డు దాకా నడవడానికి ఊరంతా ఒప్పుకుంది. బడిలో అత్తకు దండ వేశారు.

మూడు నెలలకే పక్కనున్న చిన్న పల్లెలో ఒక ఇంటి కోడలు టిప్పరు కింద పడి చనిపోయింది. ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే పిల్ల, పొద్దున్నే కంపెనీ వ్యాను కోసం రోడ్డు పక్కన నడుస్తోంది. మా ఊరి దూలం కింద పట్టని లారీలన్నీ ఆ పల్లె మీదుగా పోతున్నాయని మాకు తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

అత్తను నా బండి మీద అక్కడికి తీసుకెళ్లాను. చనిపోయిన పిల్ల అత్తగారు గడపలో కూర్చుని ఉంది. మేమెవరమో చెప్పగానే, "మీ ఊరి మీదికెళ్లి పోనియ్యకపోతిరి. గందుకే మా మీద పడ్డయి," అంది. ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా మా అత్త ఆమె పక్కనే కింద కూర్చుంది.

తిరిగి వస్తూ దారిలో ఒక్క మాటే అంది. "నేను లారీలు ఆపిన అనుకున్న. ఆపలే అల్లుడా, జరిపిన."

ఆ వారమే మండలాఫీసుకు వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. "మీ ఊరి పని అయింది కదమ్మా, ఇంకా ఎందుకు పరేషాన్?" అన్నాడు అధికారి.

"అయింది సారు. మా కాడ బంద్ చేసిన్రు. గవి యాడికి వోతయో మేం అడగలే, మీరు చెప్పలే."

ఆయన పెన్ను మూసి, అర్జీ పెట్టుకొమ్మన్నాడు.

ఊళ్లో చాలామందికి ఇది నచ్చలేదు. వాళ్లకు వాళ్ల మెంబరు లేడా అన్నారు. మళ్లీ తిప్పితే లారీలు మన మీదికే వస్తాయన్నారు. దండ వేసినవాళ్లే ఎదురుపడితే పక్కకు తిరిగిపోయారు. చివరికి ఆ పల్లెలో బడి వేళల్లో లారీలు ఆపమని ఆర్డరొచ్చింది. ఒక కానిస్టేబుల్ రెండు నెలలు నిలబడ్డాడు. తరవాత మా ఊళ్లన్నీ మున్సిపాలిటీలో కలిశాయి. పంచాయతీ పోయింది, అత్త మెంబరుగిరీ పోయింది. కొత్త ఆఫీసులో ఆ ఫైలు తమకు రాలేదన్నారు, మళ్లీ పెట్టుకోమన్నారు. మూడుసార్లు పెట్టింది.

ఫైలు కదిలేదాకా ఇంట్లో కూర్చోలేకపోయింది. రోజూ పొద్దున ఆ పల్లె మలుపులో నిలబడి, చెయ్యి అడ్డంపెట్టి పిల్లల్ని రోడ్డు దాటించేది. దగ్గు మొదలైంది అక్కడే. దవాఖానలో డాక్టరమ్మ దుమ్ములోకి పోవద్దని గట్టిగా చెప్పింది. "నేను మానేస్త మేడం. ఆ పిల్లలు ఎట్ల మానేస్తరు?" అంది అత్త. ఆక్సిజన్ మిషన్ ఇంటికి వచ్చేదాకా మానలేదు.

దహనానికి ఆ పల్లె నుంచి పదిహేను మంది దాకా నడిచి వచ్చారు. వాళ్లలో ఆ చనిపోయిన పిల్ల అత్తగారు కూడా ఉంది. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "గప్పుడు కడుపుమంటల గట్ల అన్న. మీ అత్త మనసుల పెట్టుకోలే. లేచి తిరిగినన్ని దినాలు ప్రతి ఏడాది నా కోడలి తిథికి వచ్చింది," అంది. అత్త ఆ సంగతి మా ఎవరికీ చెప్పలేదు.

పదోరోజు అయ్యాక ఆఫీసుకు వెళ్లాను. నా సీటు పదకొండో అంతస్తులో కిటికీ పక్కన. కింద పక్క స్థలంలో కొత్త టవరుకు సెల్లారు తవ్వుతున్నారు. ఎన్నాళ్లుగానో తవ్వుతున్నారు, నేనెప్పుడూ పట్టించుకుని చూడలేదు. ఆ రోజు చూశాను. గుంతలోంచి రాళ్లు నింపుకుని ఒక టిప్పరు మెల్లగా పైకెక్కింది. గేటు దగ్గర ఒకతను దాని టైర్ల మీద పైపుతో నీళ్లు కొట్టి మట్టి కడిగాడు, మా ఆఫీసు ముందు రోడ్డు పాడవకుండా. టిప్పరు గేటు దాటి, తడి చారలు వదులుతూ, పల్లెల వైపు తిరిగింది.