దారి తెలియని దిక్సూచి గారు

దిక్సూచి గారికి దారులు తెలియవు. ఇదే లోపం పాఠాలు చెప్పే మాస్టారికో, బట్టలు కుట్టే దర్జీకో ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఈయన పనే ఊళ్ళకు దారులు గీయడం. రోడ్డు ఎక్కడ పడాలి, చెట్టు ఎక్కడ నాటాలి, పిల్లలు ఎటు నడవాలి, లారీలు ఎటు మళ్ళాలి అని జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి గీస్తూనే ఉన్నారు. ఆయన గీసిన వీధుల్లో వేలమంది హాయిగా ఇళ్ళకు చేరుకుంటున్నారు. ఆయన మాత్రం అవే వీధుల్లో నడిమధ్య నిలబడి, పోయేవాళ్ళను ఆపి, "ఏమండీ, ఈ రోడ్డు ఎటు పోతుంది?" అని అడుగుతుంటారు.

ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. దిక్సూచి అన్న బిరుదు ఇచ్చింది రోడ్ల ఇంజనీరు. ఒకసారి ఇద్దరూ కలిసి పక్క ఊళ్ళో కొత్త మార్కెట్టు కట్టబోయే స్థలం చూడటానికి వెళ్ళారట. నా వెంట రావయ్యా అని దిక్సూచి గారు ధీమాగా ముందు నడిచారు. నడిచి నడిచి ఇద్దరూ ఒక పెళ్ళిలో తేలారు. పెళ్ళికూతురి మేనమామ వీళ్ళను అటువైపు చుట్టాలనుకుని, చేతులు పట్టుకుని తీసుకెళ్ళి భోజనానికి కూర్చోబెట్టాడు. దిక్సూచి గారు సుష్ఠుగా తిని, చేయి కడుక్కుని, తువాలుతో మూతి తుడుచుకుని, అప్పుడు మార్కెట్టు ఎటండీ అని అడిగారు. ఆ మేనమామ స్వయంగా వచ్చి దింపి, కూరగాయల బళ్ళు తెల్లారి ఏ మలుపులో ఇరుక్కుంటాయో కూడా చూపించి వెళ్ళాడు. రోడ్ల ఇంజనీరుకు ఇప్పటికీ ఆ భోజనం గుర్తుంది. దిక్సూచి గారికి ఆ మలుపు గుర్తుంది.

వాళ్ళ ఆఫీసు ఒకటే పెద్ద హాలు. రోడ్లవాళ్ళు, నీళ్ళవాళ్ళు, కట్టడాలవాళ్ళు, మొక్కలవాళ్ళు అంతా ఒక్కచోటే కూర్చుంటారు. మధ్యలో గోడలు వద్దన్నది సంస్థ పెట్టిన మేడమ్. గోడలుంటే ఒకరు వేసిన రోడ్డు మీద ఇంకొకరు చెట్టు నాటుతారని ఆవిడ భయం. గోడలు లేనందువల్ల ఇప్పుడా పని అందరి కళ్ళెదుటే, నానా గోలతో జరుగుతోంది.

ఆ హాల్లోకి కొత్తగా వచ్చింది మొక్కలమ్మాయి. ఏ నేలలో ఏ చెట్టు బతుకుతుందో, దాని వేళ్ళు ఎంత దూరం పాకుతాయో కాగితం మీద రాసిమ్మంటే పుంఖానుపుంఖాలుగా రాసిస్తుంది. అదే నోటితో చెప్పమంటే అరిచేతులకు చెమటలు పడతాయి. బస్సులో తన స్టాపు వస్తే ఆపమని అడగలేక, ఇంకెవరైనా దిగేదాకా చూసి, వాళ్ళ వెనకే దిగి, వచ్చిన దారినే వెనక్కి నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చే పిల్ల. అలాంటి పిల్లను పిలిచి మేడమ్ ఒక బాధ్యత అప్పగించింది. బస్టాండుకూ పెద్దాసుపత్రికీ మధ్య ఉన్న ఖాళీ స్థలాన్ని పార్కు చేయాలి. దిక్సూచి గారితో కలిసి ఆ పని చూడాలి. ముఖ్యంగా ఆయన తప్పిపోకుండా చూసుకోవాలి.

మొదటిరోజు బస్టాండులో దిగగానే ఆయన నాలుగు దిక్కులా చూసి, నిట్టూర్చారు.

"అమ్మా, ఆసుపత్రి ఎటు?"

"ఉండండి సార్, ఫోన్లో చూస్తాను."

"ఫోనుకేం తెలుసమ్మా, అది ఎప్పుడైనా నడిచిందా? అదిగో, ఆవిడ్ని అడుగు."

"మీరే అడగండి సార్."

"నేనడిగితే కుడీ ఎడమా గుర్తుండి చావవు. నువ్వే అడుగు."

మొక్కలమ్మాయి వెళ్ళి, చేతిలో క్యారియర్‌తో నడుస్తున్న ఆవిడ ముందు నిలబడింది. నోరు తెరిచింది. ఆసుపత్రి అన్న మాట తప్ప ఇంకేమీ బయటికి రాలేదు, అదీ గాలిలా వచ్చింది. పైగా ముఖమంతా చెమట. అయ్యో తల్లీ అంటూ ఆవిడ భుజం చుట్టూ చేయి వేసి, నడిపించుకుంటూ తీసుకెళ్ళి, తిన్నగా అత్యవసర విభాగంలో మంచం మీద పడుకోబెట్టింది. నర్సు సూది తీసుకుని వస్తున్న సమయానికి దిక్సూచి గారు వెనకాలే చేరుకుని, పిల్లకు ఏ జబ్బూ లేదని, ఉన్నదల్లా సిగ్గేనని చెప్పి విడిపించారు. బయటికొచ్చాక ఆయన చాలా సంతోషంగా కనబడ్డారు. దారి భలే కనుక్కున్నావమ్మా, నేనైతే ఇంత లోపలికి వచ్చేవాణ్ణి కాదు అన్నారు.

అక్కడి నుంచి రోజూ ఇదే వరస. ఆయన తప్పిపోవడం, ఆమె అడగడం. పళ్ళబండివాణ్ణి అడిగింది, గేటు దగ్గర కాపలా మనిషిని అడిగింది, షిఫ్టు దిగి వెళ్ళే నర్సులను అడిగింది. తిట్టుకుంటూనే అడిగింది. అడగగా అడగగా గొంతు కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. దారి చెప్పేవాళ్ళెవరూ ఒక్క దారితో ఊరుకోరని కూడా తెలిసింది. మా ఆయన కాలు విరిగి లోపలున్నాడనీ, డాక్టరు సాయంత్రం దాకా రాడనీ, అందాకా కూర్చోవడానికి నీడ లేక మెట్ల మీద పడి ఉన్నామనీ, దారితో పాటు అన్నీ చెప్పేవాళ్ళు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆసుపత్రికి ఇంత పెద్ద గేటున్నా, బస్సు దిగినవాళ్ళు ఎవ్వరూ దాని మొహం చూడరు. వెనకవైపు గోడ పగిలిన చోట దూరి, ఖాళీ స్థలంలోని బురదలో రాళ్ళ మీద కాళ్ళు వేసుకుంటూ అడ్డంగా వెళ్ళిపోతారు. కర్రల సాయంతో నడిచేవాళ్ళు కూడా అటే.

ఒకరోజు దిక్సూచి గారు ఎంతకీ కనబడకపోతే, ఆమె కంగారుపడి ఆయన ఇంటికి ఫోను చేసింది. ఆయన భార్య ఏమాత్రం కంగారుపడలేదు. "మా ఇంట్లో ఎప్పుడూ తప్పిపోలేదమ్మా. నేను కూర దించే వేళకు ఆయన వంటింట్లో ఉంటారు" అంది. ఎంత ఓర్పు గల ఇల్లాలో అనుకుంది మొక్కలమ్మాయి.

గోడ పగిలిన చోట నుంచే దారి వేద్దామని ఆమె ఆఫీసులో అన్నప్పుడు హాలు హాలంతా లేచింది. అక్కడ రోడ్డు దాటే వీలు లేదన్నాడు రోడ్ల ఇంజనీరు. వాననీళ్ళు నిలిచేది సరిగ్గా అక్కడేనన్నాడు నీళ్ళాయన. దిక్సూచి గారు ఎవరి పక్షమూ పట్టకుండా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు. వేరే దిక్కు లేక ఆమే ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్ళి చెప్పింది, పోట్లాడింది. చివరికి రోడ్ల ఇంజనీరు జనం దాటే చోటును అటు జరిపాడు. నీళ్ళాయన దారిని కాస్త ఎత్తు చేసి, పక్కన పల్లంలో నీళ్ళు ఇంకే ఏర్పాటు చేశాడు. ఆ పల్లం పొడవునా ఆమె నీడనిచ్చే చెట్లు పెట్టింది, వాటి కింద బెంచీలు పెట్టించింది.

ఇక మిగిలింది నగరపాలక సంస్థ కమిషనరు గారిని ఒప్పించడం. ఆయన మనసులో పార్కంటే నడిమధ్య రంగురంగుల దీపాలతో ఒక పెద్ద ఫౌంటెన్. ఈ పథకం నచ్చకపోతే పని ఇంకో సంస్థకు పోతుంది, పగిలిన గోడను మనిషెత్తున కట్టేస్తారు. అందరికీ చెప్పి ఒప్పించాల్సింది దిక్సూచి గారు. కమిషనరు గారి ఆఫీసులో సమావేశం మొదలవుతుందనగా మొక్కలమ్మాయి ఫోను మోగింది.

"అమ్మా, దారి తప్పాను. ఎదురుగా ఏదో గోదాముంది. నువ్వు మొదలుపెట్టు, వచ్చేస్తాను."

ఆమె ఫోను చేతిలో పట్టుకుని మేడమ్ వైపు చూసింది. ఆయన సంగతి తెలిసిందేగా, కానివ్వు అంది మేడమ్, నీళ్ళ గ్లాసు ముందుకు జరుపుతూ. రోడ్ల ఇంజనీరు పైకప్పు వైపు చూస్తున్నాడు.

మొదటి బొమ్మ దగ్గర ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. కొంచెం గట్టిగా చెప్పమ్మా అన్నారు కమిషనరు గారు. ఆమె కళ్ళు మూసుకుని, తాను బస్టాండులో నిలబడి ఎవరినో దారి అడుగుతున్నట్టు ఊహించుకుంది. అంతే, మాట వచ్చింది. కాలు విరిగిన మనిషి గురించి, ఆయన్ని బురద దాటించే భార్య గురించి, మెట్ల మీద ఎదురుచూసేవాళ్ళ గురించి చెప్పుకుంటూ పోయింది. కమిషనరు గారు బొమ్మలన్నీ ఓపికగా చూసి, చివరకు అడగాల్సింది అడిగారు.

"అంతా బానే ఉందమ్మా. మరి ఫౌంటెన్ ఏది?"

"ఆసుపత్రి నుంచి బయటికొచ్చినవాళ్ళు ఫౌంటెన్ కోసం వెతకరు సార్. కూర్చునే చోటు కోసం వెతుకుతారు."

కమిషనరు గారు గడ్డం రుద్దుకున్నారు. "కనీసం నీళ్ళైనా ఉండాలి కదమ్మా" అన్నారు, పోయే ఫౌంటెన్‌ను వదల్లేక.

"ఉంటాయి సార్. తాగడానికి."

ఆయన పకపకా నవ్వి, సరే మొదలుపెట్టండి అన్నారు.

గాల్లో తేలుతున్నట్టు బయటికొచ్చిన మొక్కలమ్మాయిని గుమ్మం దగ్గరి అటెండరు ఆపాడు. మీ పెద్దాయన పొద్దున మేము తలుపులు తీయకముందే వచ్చి, వెనక వరండాలో ఈ గది కిటికీ పక్కన కూర్చున్నారనీ, లోపలికి రమ్మంటే వద్దన్నారనీ చెప్పాడు. ఆమె తెల్లబోయి రోడ్ల ఇంజనీరు వైపు తిరిగింది.

"నా మొదటి మీటింగు రోజు కూడా తప్పిపోయారులే" అన్నాడతను మెల్లగా. "నీళ్ళాయన మొదటి మీటింగు రోజూ అంతే. నువ్వు మాత్రం ఆయన దగ్గర ఆ మాట ఎత్తకు."

వరండాలో దిక్సూచి గారు టీ తాగుతున్నారు. ఆమెను చూసి, ఇప్పుడే వచ్చి పడ్డానమ్మా, ఎలా జరిగింది అని అడిగారు. బాగా జరిగింది సార్ అంది. ఆయన ఆనందం పట్టలేకపోయారు. ఆ ఫౌంటెన్ మాటకు జవాబు దివ్యంగా చెప్పావు, కాకపోతే ఆయన్ని ఇంకాస్త ఊరించి చెప్పాల్సింది అన్నారు. అని, ఒక్క క్షణం ఆగి, టీ గ్లాసులోకి చాలా శ్రద్ధగా చూడసాగారు. ఆమె చూడనట్టే కాగితాలు సర్దుకుంది.

ఇద్దరూ ఆఫీసుకు నడిచే బయలుదేరారు. దిక్సూచి గారు ఆ హుషారులో కబుర్లు చెబుతూ ముందు నడుస్తున్నారు. ఒక సందులోంచి ఇంకో సందులోకి, ఎవరివో మెట్ల కింద నుంచి, ఒక ఇస్త్రీ దుకాణం వెనక నుంచి, ఫోనుకు తెలియని అడ్డదారులన్నీ పట్టుకుని చకచకా వెళుతున్నారు. ఎవరినీ ఆపలేదు, ఎక్కడా ఆగలేదు. ఆయన్ని అందుకోలేక మొక్కలమ్మాయి వెనక పరుగులాంటి నడక నడిచింది. చూస్తుండగానే ఆఫీసు భవనం ఎదురుగా వచ్చింది. రొప్పుతూ వచ్చి పక్కన నిలబడిన ఆమె ముఖం చూశాక గానీ ఆయనకు తానేం చేశారో తట్టలేదు.

ఆయన గొంతు సవరించుకుని, భవనాన్ని కింది నుంచి పై దాకా అయోమయంగా చూశారు.

"మనది ఏ అంతస్తమ్మా?"

"తెలీదు సార్" అంది మొక్కలమ్మాయి. "ఎవరినైనా అడుగుదాం పదండి."