దూలం లేని ఇంటికి

జమ్మలమడుగులో మా తమ్ముడు నారాయణ ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆ ఇంటికి ఒక్క దూలం లేదు, ఒక్క ఇనుప కడ్డీ లేదు. ఇటుకలనే ఒకదానికొకటి ఆనించి, గానుగ సున్నంతో అతికించి, బోర్లించిన తొట్టిలాగా కప్పు లేపినాడట. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి మా జిల్లాల్లో సిమెంటూ ఇనుమూ కావాలంటే పర్మిట్లు, పర్మిట్ల కోసం తిరుగుళ్లు. వాడు కాలువల మీద ఓవర్సీరే గాని తిరిగే రకం కాదు. పాత కోటల్లో కమాను కప్పులు చూసి, అట్లాంటిదే నేనూ కడతానన్నాడు. కట్టుకోనీలే అనుకున్నాను. ఇంతలో, శుక్రవారం ఆ కప్పు కింద ఆనించిన గుంజలు లాగేస్తారనీ, లాగేటప్పుడు నారాయణే లోపల నిలబడతాడనీ, ఆ ఊరికి పెండ్లికి పోయొచ్చిన మా పక్కింటాయన చెప్పినాడు.

పైకప్పంటే నాకు భయం. నవ్వేవాళ్లు నవ్వుకోండి. పత్తికొండలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని, భర్త పోయినాక ఒక్కదాన్నే రైళ్లెక్కి తిరిగే మనిషిని, అయినా మిద్దె కింద కూర్చుంటే నా కళ్లు పైకే పోతాయి. మా వైపువన్నీ మట్టి మిద్దెలు. దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, వాటి మీద కంప, ఆపైన వాన దిగకుండా చౌడు మట్టి. ఏటేటా వానలకు ముందు కొత్త చౌడు పోస్తారు. పాతది తీసి పోయాలని మాత్రం ఎవరికీ తోచదు. తాతల నాటి మట్టంతా అట్లా నెత్తిమీద పేరుకుంటూ ఉంటుంది.

నాకు పదేళ్లప్పుడు నాలుగు దినాలు వదలకుండా ముసురు పట్టింది. నాయన చేని దగ్గర ఉన్నాడు. అమ్మ పొయ్యి రాజేస్తోంది. నారాయణ పసివాడు, పొగకు ఏడుస్తుంటే "వాన్ని ఎదురింటి అరుగు మీద తిప్పుపో" అంది. చంకనేసుకుని వీధి దాటినాను. మా ఇంట్లో దూలం మూలిగిన చప్పుడు అక్కడికి వినబడింది. "అమ్మా, బయటికి రా" అని పిలిచినాను. రెండోసారీ పిలిచినాను. మిద్దె కూర్చుండిపోయింది. అమ్మ రాలేదు.

వాన్ని నేనే పెంచినాను. వాడు ఇప్పుడు కావాలని ఒక కప్పు కింద నిలబడతాడంట. చెవి పట్టుకుని బయటికి ఈడ్చుకొద్దామని సెలవు పెట్టి బయల్దేరినాను. వాడు పొగిడే పాత కట్టడాలు ఎట్లాగూ దారిలోనే ఉన్నాయి. చూస్తే కాస్త ధైర్యమైనా వస్తుంది, లేదంటే వాడితో వాదించడానికి ఒక బీటైనా దొరుకుతుంది.

మంగళవారం పొద్దున ఆరున్నరకు డోన్ బస్సు. పైన సెనక్కాయల మూటలు గుట్టగా వేసినారు. నేను కూర్చున్నప్పటి నుంచి బస్సు పైరేకునే చూస్తుంటే పక్క సీటు పెద్దాయనకు విసుగొచ్చింది.

"ఏమమ్మా, పైన ఏముండాదని అట్ల చూస్తాండావు?"

"మూటలుండాయి గదప్పా."

"ఉంటే ఏమి? ఆ రేకు నా పెండ్లికి ముందు నుంచీ మోస్తాండాది" అన్నాడాయన. ఆయన నెరిసిన తల చూస్తే ఆ పెండ్లి శానా పాతదే. నాకు ఇంకా భయమేసింది.

డోన్‌లో స్టేషను ఎదురుగా ఇడ్లీ తిని పది గంటల రైలు ఎక్కినాను. పాణ్యంలో దిగి, బనగానపల్లెకు బస్సు, అక్కడి నుంచి యాగంటికి ఎడ్లబండి. చీకటి పడేవేళకు చేరినాను. దారిలో హోటళ్లు లేవు, పోయేవాళ్లు సద్ది కట్టుకుపోండి. సత్రం కప్పు నాపరాతి బండలది. ఒక్కో బండ నాకంటే పొడవు. నేను చాప తీసుకుని వాకిట్లో ఆకాశం కింద పడుకుంటే కాపలా మనిషి విచిత్రంగా చూసి, "తేళ్లుంటాయమ్మా" అన్నాడు. తేలుకైతే మందుంది.

యాగంటి కొండల సందులో ఉంది. ఊటనీళ్ల కోనేరు అద్దంలా ఉంటుంది, అడుగున రాళ్లు లెక్కపెట్టవచ్చు. గుడికంటే బసవన్నను చూడ్డానికే ఎక్కువమంది వస్తారు. మంటపంలో ఇరుకిరుకుగా కూర్చున్న పెద్ద నంది. టెంకాయలమ్మే ఆమె నా వెంటే వచ్చి విడమరిచి చెప్పింది. "బసవన్న పెరుగుతాండాడు తల్లీ. చోటు చాలకుంటే ఒక స్తంభం తీసేసినారంట."

"తీసేస్తే పైన కప్పో?"

"ఉండాది గదా" అంది ఆమె, పైకి చూపించి.

నేను పైకి చూడలేదు. దండం పెట్టుకుని, బతుకుజీవుడా అని ఎండలోకి వచ్చేసినాను. కొండ గుహల్లోకి కూడా జనం దిగుతున్నారు. నేను మెట్ల దగ్గరే ఆగినాను.

బుధవారం మధ్యాహ్నం బనగానపల్లెలో బస్సెక్కి, కోయిలకుంట్లలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, దీపాలు పెట్టేవేళకు జమ్మలమడుగులో దిగినాను. నేను రాసిన కార్డు అందినట్టుంది, నారాయణ స్టాండుకు వచ్చినాడు. చెవి పట్టుకునే ఎత్తు దాటి ఎప్పుడో ఎదిగిపోయినాడు. "రేపు గండికోట చూద్దాం, నీ కొట్లాటేదో ఆడే పెట్టుకుందాం" అన్నాడు.

తెల్లవారి బండి కట్టించి పోయినాము. గండికోట గోడ పక్కన పెన్నానది కొండను నిలువునా కోసుకుని పోతుంది. ఆ లోయ అంచుకు వచ్చి కళ్లు తిరిగి కూర్చుండిపోయేవాళ్లు ఉన్నారట. నాకు అక్కడ ఏ భయమూ కాలేదు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు గదా. గుళ్లు, మసీదు చూసినాము. చివరికి ధాన్యం కొట్టు దగ్గరికి తీసుకుపోయినాడు. అదే వాడు చూపించాలనుకున్నది. మా బడిలాంటివి మూడు నాలుగు పట్టేంత కట్టడం, లోపల ఒక్క స్తంభం లేదు, దూలం లేదు. కప్పు ఆ గోడ మీద నుంచి వంగి ఈ గోడ మీద దిగింది. లోపల చీకటి, గబ్బిలాల వాసన. వాడు నడిమికి పోయి చప్పట్లు కొడితే నాలుగు వైపుల నుంచి మోగింది. నేను గడప దాటలేదు. అక్కడి నుంచే వెతికి వెతికి ఒక బీట పట్టినాను.

"అదిగో, పగిలింది చూడు."

"అది పూత పగిలిందక్కా. కమానుకేం కాలే."

"కూలేవన్నీ ముందు పూతతోనే మొదలుపెడతాయి. నీవెందుకు నిలబడాల? మస్తాను మేస్త్రీ కట్టినాడు, ఆయన నిలబడతాడు."

వాడు బయటికి వచ్చి నా పక్కన రాతి మీద కూర్చున్నాడు. "కమాను కట్టినోడు కింద నిలబడితేనే కూలోళ్లు గుంజ లాగుతారు. అది వాళ్ల రివాజు. మస్తాను నేను చెప్పినట్ల కట్టినాడు, ఆలోచన నాది. ఆయన్ను లోపల పెట్టి నేను బయట నిలబడాల్నా?"

వాడే మళ్లీ, "అమ్మ మొకం నాకు తెలీదు. మన్ను మోసే మిద్దె మాత్రం నాకు వద్దు" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఇంటికి పోయినాము. చెప్పకూడదు గాని ఇల్లు చూడముచ్చటగా ఉంది. ముందర పొడవాటి నడవ, దాని మీద నున్నగా వంగిన ఇటుక కప్పు, రెండు చివర్లా అర్ధచంద్రాకారపు కిటికీలు. నట్టెండలో కూడా లోపల చల్లన. కప్పు కింది పలకలు ముందే తీసేసినారు. నడుమ ఒక వరస గుంజలు మాత్రం ఉన్నాయి. అవి కూడా పోతే కప్పుకు కప్పే దిక్కు. ఒక్కో గుంజకూ తాడు కట్టి, ఆ కొస బయటికి తెచ్చినారు. మస్తాను మేస్త్రీ గుమ్మం దగ్గర ఊదొత్తులు వెలిగించి కళ్లు మూసుకున్నాడు. తెల్లగడ్డం మనిషి, ఆయనే మొక్కుకుంటుంటే ఇంక నా సంగతేమి. నారాయణ భార్య రత్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వదినా, మీరు చెప్పినా వినలేదా?" అని ఒకటే అడిగింది.

నారాయణ పోయి నడిమిన నిలబడినాడు. చేతులు కట్టుకుని, బళ్లో పేరు పిలిచే దాకా నిలబడే పిల్లోడిలాగా.

మొదటి గుంజ లాగినారు. సున్నం పొడి రాలింది. రెండోది లాగినారు. మూడోదానికి తాడు బిగించగానే ఆ గుంజ మూలిగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. "నారాయణా, బయటికి రా" అని అరిచినాను. కూలీల కేకల్లో వాడికి వినబడలేదు. ఇంకోసారి పిలవడానికి నోరు తెరిచినాను.

అప్పుడు అర్థమయింది. ఇన్నేళ్లూ నేను భయపడింది కప్పుకు కాదు. బయట నిలబడి పిలుస్తూ ఉండడానికి. అది ఇంకొకసారి నావల్ల కాదు. రత్నమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచినాను. మేస్త్రీ "ఆపండి, ఆపండి" అంటున్నాడు. నేను పోయి వాడి మోచెయ్యి పట్టుకుని, "లాగమను" అన్నాను. వాడు నన్ను చూసినాడు. తర్వాత మేస్త్రీకి తల ఊపినాడు.

గుంజలు ఒకదాని తర్వాత ఒకటి పోయినాయి. నేను పైకి చూడలేదు, వాడి చొక్కా గుండీ చూస్తూ నిలబడినాను. ఆఖరి గుంజ నేల మీద పడినప్పుడు పైన ఎక్కడో సన్నగా ఒక చప్పుడయింది, అంతే. ఎంతసేపు చూసినా ఇంకేమీ కాలేదు. మేస్త్రీ లోపలికి వచ్చి గోడకు అరచెయ్యి ఆనించి, "కమాను కుదురుగా కూర్చునిందమ్మా. ఇంక కదలదు" అన్నాడు. రత్నమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

మధ్యాహ్నం ఆ నడవలోనే ఆకులు వేసి ఓళిగలు వడ్డించినారు. నా భయం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ముద్దముద్దకూ పైకి చూసినాను.

శనివారం ముద్దనూరు దాకా బస్సు, అక్కడి నుంచి గుంతకల్లుకు రైలు. నారాయణ ఎక్కించడానికి వచ్చినాడు. రైలు కూత వేసినాక కిటికీ ఊచలు పట్టుకుని చెప్పినాడు.

"అక్కా, నిన్న నువ్వు లోపలికి వచ్చేదాకా నాకు ఏ భయమూ లేదు. నువ్వొచ్చి పక్కన నిలబడితివి, వేసుకున్న లెక్కలన్నీ మరిచిపోయినా. అప్పుడు పట్టుకునింది భయం."

"మరి నన్ను బయటికి పొమ్మనలేదేం?"

"నువ్వు పోతే ఇంకా భయమైతాదనిపించింది" అన్నాడు.

రైలు కదిలింది. వాడు కొంతదూరం కిటికీ పక్కనే నడిచి, ప్లాట్‌ఫారం అయిపోయిన చోట ఆగిపోయినాడు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గుంతకల్లు దాకా కూర్చున్నాను. ఎదుటి సీటామె నీళ్లు ఇచ్చింది.

ఈ దారిన పోదలచుకున్నవాళ్లకు ఒకటే చెప్పగలను. యాగంటికైనా గండికోటకైనా ఒక్కరే పోవద్దు. పక్కన మనిషి ఉంటే భయం తగ్గుతుందని కాదు, గడప దాటగలుగుతారు.