నాయన టేపు చివర మూడు పిలుపులు

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, కోపం వస్తుంది. టీవీలో పొగ వదిలి, జుట్టు విరబోసుకున్న ఆడమనిషిని చూపించి, కింద నిజంగా జరిగింది అని వేస్తారు. డిగ్రీలు చదివినవాళ్ళు నోరు తెరుచుకుని చూస్తారు. నేను బడి ముఖం చూడనివాణ్ణి. మార్కాపురం పలకల కార్ఖానాలో పలకలకు చెక్క అంచులు బిగిస్తూ, విరిగిన ముక్కల మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఆ తర్వాత చదివిందంతా టీకొట్టు పేపర్లలో, పొట్లం కాగితాల్లో. ఆ చదువు నాకు ఒక్కటే నేర్పింది, చూడకుండా దేన్నీ నమ్మకూడదని.

ఒకసారి పలకరాతి గనిలో పొద్దుగూకే వేళ ఏడుపు వినిపిస్తోందని పనివాళ్ళు దిగనన్నారు. నేనే తాడు పట్టుకుని దిగి మేకపిల్లను భుజాన వేసుకుని పైకి వచ్చాను. దాన్ని కళ్ళారా చూసి కూడా, ఆ దయ్యమే మేకపిల్ల రూపంలో వచ్చిందన్నవాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళతో నాకు జీవితమంతా సరిపోయింది.

అందుకే ఇది రాయడానికి చాలా రోజులు చేయి రాలేదు. రాస్తే, ముసలాయన కూడా ఆ గుంపులో చేరాడంటారు. అననీ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా అక్క ఓబుళమ్మను అర్ధవీడుకు ఇచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోది కూడా పోతూ ఉంటే ఒంగోలు తీసుకుపోయాను. మా వైపు చెవికి నొప్పి వచ్చినా, కంటికి నలక పడినా పూట ప్రయాణం చేసి పోవాల్సిందే. అక్కడ డాక్టరు చెవినరం ఎండిపోతోందని, మిషను పెట్టినా కొన్నాళ్ళేనని చెప్పాడు. ఆ చెప్పడం కూడా కంప్యూటర్ వైపు చూస్తూ చెప్పాడు. చెవులు సరిగా వినపడని మనిషికి మొహమైనా చూపించకుండా మాట్లాడేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు. ఆయన చెప్పింది నేను మళ్ళీ అక్క చెవి దగ్గర అరిచి చెప్పాను.

అక్క ఏడవలేదు. బస్టాండులో కూర్చున్నాక అడిగింది.

"ఒరే తమ్ముడా, నీ కాడ నాయన టేపు ఉండె కదా. ఈ చెవి కూడా పోయేలోపల ఒక్కసారి వినిపిస్తావా?"

నాయన పోయిన రోజు అక్క కాన్పు మంచం మీద ఉంది. రాలేకపోయింది. ఆఖరిచూపు లేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు గానీ, ఆ అడగడంలో అదంతా ఉంది. సరే అన్నాను. టేపు ఏ స్థితిలో ఉందో నాకే తెలియదు.

ఎందుకంటే మా ఇంట్లో పెట్టెడు క్యాసెట్లు ఉండేవి. ఒక ఏడు మా పెద్దోడు వాటి రీళ్ళన్నీ లాగి సజ్జచేను చుట్టూ కట్టాడు. గాలికి గరగరమంటే పిట్టలు రావని. పిట్టలు రాలేదు, నిజమే. ఊళ్ళో చాలామంది అదే చేశారు. ఎన్ని గొంతులు ఆ కంచెల మీద ఎండకు ఎండి, వానకు తడిసి, దుమ్ములో కలిసిపోయాయో తలుచుకుంటే ఇప్పటికీ వాణ్ణి కొట్టాలనిపిస్తుంది. వాడికి మాత్రం, "పనికిరానివే కదా నాయనా," అని ఒకటే మాట.

నాయన టేపు ఎట్లా మిగిలిందంటే, చెడిపోయిన టేపురికార్డరులోనే ఇరుక్కుపోయి ఉంది. అటక మీద నుంచి దించి, మూత ఊడబెరికి చూస్తే దొరికింది.

అందులో ఏముందో చెప్పాలి. మాది గొర్రెలు కాసిన ఇల్లు. సాయంత్రం మంద దొడ్డిలోకి వస్తుంటే నాయన గవిని దగ్గర, అంటే దొడ్డి వాకిట, నిలబడి లెక్క చూసుకునేవాడు. కానీ ఒకటి, రెండు అని నోటితో లెక్కపెట్టేవాడు కాదు. మందను అంకెల్లో చెబితే దిష్టి తగులుతుందని మా వాళ్ళ పట్టింపు. ఒక్కొక్కదాన్నీ దాని గురుతుతో పిలిచేవాడు. బొల్లిది వచ్చె, చెవిమచ్చది వచ్చె, కుంటిది వచ్చె, దాని పిల్ల వచ్చె. అట్లా చివరిదాకా. ఏదైనా రాకపోతే ఆ గురుతు దగ్గర ఆయన గొంతు ఆగేది.

అంతా వచ్చాక గవినికి తడిక అడ్డం వేయడం అక్క పని. వేస్తే చాలదు, వేశానని నోటితో చెప్పాలి. మా తాత కాలంలో ఎవరో వేశారులే అని ఎవరికివారు అనుకుని పోతే, తోడేళ్ళు పడి మంద సగమైందట. అప్పటినుంచి మా ఇంట్లో అది కట్టుబాటు. తడిక వేసినవాళ్ళు నోటితో చెప్పందే నాయన అక్కడి నుంచి అడుగు కదపడు. వానలో కూడా నిలబడి ఉండేవాడు.

అక్కకు పెళ్ళై అర్ధవీడు పోయింది. తడిక పని నాకు వచ్చింది. నాయన మాత్రం అక్కను పిలిచే అలవాటు మానలేదు. రోజూ, "ఓబులూ, తడిక ఏసినావా?" అనే అడిగేవాడు. నేనే, "ఏసినా నాయనా," అనేవాణ్ణి.

కువైట్ నుంచి వచ్చినాయన దగ్గర నేను టేపురికార్డరు కొన్న కొత్తలో, ఒక సాయంత్రం నాయన మందను పిలిచేది రికార్డు చేశాను. ఒక చేత తడిక వేశాను, ఒక చేత రికార్డరు పట్టుకున్నాను. నా గొంతు అందులో పడకూడదని, నాయన అడిగితే నోరు తెరవకుండా చేయి ఊపాను. మసక వెలుతురులో ఆయనకు చేయి కనిపించలేదు. మళ్ళీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. అంతలో టేపు అయిపోయి బటను టక్కున పైకి లేచింది. అప్పుడు నేను చెప్పాను, ఆయన చేతికట్టె నేలకు ఊని, కిర్రుచెప్పులు చప్పుడు చేసుకుంటూ ఇంటికి నడిచాడు. కానీ టేపులో నా జవాబు లేదు. టేపు ప్రకారం నాయన ఇంకా దొడ్డి దగ్గర నిలబడే ఉన్నాడు. ఆ రోజు అది నాకు తట్టలేదు. వింటే మామూలు టేపు.

మార్కాపురంలో మస్తాన్ అని, ఒకప్పుడు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ఇప్పుడు ఆ పెళ్ళి క్యాసెట్లనే పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి ఇస్తున్నాడు. దుకాణంలో గోడ పొడుగునా నల్ల క్యాసెట్లు పేర్చి ఉంటాయి. నన్ను చూడగానే నవ్వాడు.

"అందరూ పెళ్ళి క్యాసెట్లు తెస్తరు మామా. చూసుకుంటరు, అప్పుడు నువ్వు మా వాళ్ళకు మర్యాద చేయలేదని ఈడనే కొట్లాడుకుంటరు. నువ్వు గొర్రెల క్యాసెట్టు తెచ్చినావు. నాకు తలనొప్పి లేదు."

"గొర్రెలకు నీ పెళ్ళివాళ్ళకంటే బుద్ధి ఎక్కువలే. ముందు అది ఆడుతుందో లేదో చూడు," అన్నాను.

రీలుకు తెల్లగా బూజు పట్టి ఉంది. రేపు రా అన్నాడు. మర్నాడు బూజు తుడిచి, రీలును వేరే క్యాసెట్టు డబ్బాలోకి మార్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎక్కింది అని చెప్పడానికి తెరను ఫోటో తీసి నా ఫోనుకు పంపాడు. శబ్దం అందులో గీతలాగా కనిపిస్తుంది. చప్పుడు ఉన్నచోట గీత దిబ్బలాగా లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. ఆ ఫోటోలో మొదట అంతా గుట్టలు గుట్టలు, అవి గొర్రెలు, నాయన. చివరన కొంత ఖాళీ, ఒక దిబ్బ. మళ్ళీ ఖాళీ, ఒక దిబ్బ. మళ్ళీ ఖాళీ, ఒక దిబ్బ.

మధ్యాహ్నం నేను దుకాణానికి పోయాక ఇద్దరం కూర్చుని మొదటినుంచి విన్నాం. నాయన గొంతు శుభ్రంగా వచ్చింది. చివర మూడుసార్లు పిలిచాడు. "ఓబులూ, తడిక ఏసినావా?" మూడోదానికి గొంతులో కొంచెం దిగులు. అంతటితో అయిపోయింది.

మస్తాన్ చేయి ఆపి అడిగాడు, "ఎవరూ పలకలేదేంది మామా? పాపం, పెద్దాయన అడుగుతానే ఉన్నాడు."

సంగతి చెప్పాను. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, మూడు పిలుపులు విన్నది నేనొక్కణ్ణే కాదు. అతను విన్నాడు, విని అడిగాడు. నాకు మతిమరుపు అనేవాళ్ళు దీనికి ముందు జవాబు చెప్పాలి.

ఫోనులో వేయించుకుని, కంభం మీదుగా బస్సులో అర్ధవీడు పోయాను. పట్టపగలు. అక్క వసారాలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. కోడలు మజ్జిగ తెచ్చిచ్చి దొడ్లోకి పోయింది. అక్కకు ఇంకా కాస్త వినపడే చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, బటను నొక్కాను. నాకు ఏమీ వినపడదు. ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను.

మొదట కళ్ళు మూసుకుంది. కాసేపటికి పెదవులు కదిలాయి. నాయనతో పాటు తనూ గురుతులు చెబుతోంది. బొల్లిది, చెవిమచ్చది. ఒకచోట నవ్వి, "ఈ కుంటిది నా పెండ్లప్పటికి పిల్ల రా," అంది. చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అంటోంది. పక్కింటివాళ్ళు తొంగిచూశారు.

చివరికి వచ్చిందని ఫోనులో గీత చూసి తెలుసుకున్నాను. అక్క చేట పక్కన పెట్టింది. కూర్చున్నచోటే కొంచెం ముందుకు వంగి, దూరాన ఉన్న మనిషికి చెప్పినట్టు అంది.

"ఏసినా నాయనా. తడిక ఏసినా. నువ్వు ఇంటికి పా."

తర్వాత ఇంకొంచెంసేపు వింటూనే ఉంది. ఆపైన ఇయర్‌ఫోను తీసి నా చేతిలో పెట్టి, చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

ఏదో ఒకటి మాట్లాడాలని ఆమె చెవి దగ్గర అరిచాను, "పాపం, మూడుసార్లు పిలిచినాడు కదక్కా."

అక్క నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"మూడుసార్లు ఎందుకు పిలుస్తాడు రా? నేను పలికినా కదా."

ముసలిది, సరిగా వినపడలేదు అనుకున్నాను. ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టుకుని చివరి భాగం వేశాను.

"ఓబులూ, తడిక ఏసినావా?" ఒక్కసారి. తర్వాత ఖాళీ. అక్క జవాబు అందులో లేదు, అదీ చెప్పాలి. ఖాళీ తర్వాత కట్టె నేలకు తగిలిన చప్పుడు. కిర్రుచెప్పుల చప్పుడు, కిర్రు కిర్రుమని, దూరంగా పోతూ, సన్నగిల్లుతూ, టేపు అయిపోయే వరకు.

ఎన్నిసార్లు వేసినా అంతే. కోడలిని పిలిచి వినమన్నాను. "ఎవరో నడిచిపోతున్నారు మామా," అంది.

మర్నాడు పొద్దున్నే మస్తాన్ దుకాణం తెరవక ముందే మెట్ల మీద కూర్చున్నాను. వచ్చి, తన కంప్యూటర్‌లో ఉన్నది వేశాడు. ఒక్క పిలుపు, చెప్పుల చప్పుడు. అసలు క్యాసెట్టును మిషన్లో పెట్టాడు. అందులోనూ అంతే. మొత్తం నిడివి మాత్రం ముందు ఎంత ఉందో అంతే ఉంది.

"నువ్వేమన్నా కత్తిరించినావా?" అని అడిగాను.

"అల్లా మీద ఒట్టు మామా. కత్తిరిస్తే టేపులో ఎట్ల పోతది? ఆ చెప్పులు నేను యాడ తేవాల?"

అది నిజం. నాయన కిర్రుచెప్పులు ఆయనతోనే పోయాయి. ఆ చప్పుడు మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం టేపు అయిపోయాకే ఆయన నడిచాడు. ఆ నడక రికార్డు కావడానికి వీల్లేదు.

మేమిద్దరం తప్పు విన్నాం అనుకుందామా? నేను కూడా అదే అనుకోవాలని చూశాను. కానీ ఫోనులో ఫోటో ఉంది. అందులో చివర మూడు దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. అదే శబ్దాన్ని ఇప్పుడు తెర మీద చూస్తే ఒక దిబ్బ, ఆపైన చిన్న చిన్న గింజల్లాగా చెప్పుల గుర్తులు, చిన్నబోతూ.

ఇంజనీరింగ్ చదివిన కుర్రాడొకడు, ఫైలు పంపిస్తే పరీక్ష చేసి పెడతానన్నాడు. చదువుకున్నవాళ్ళను జవాబు అడగడం నా జీవితమంతా చేసిన పని. ఈ ఒక్కదానికి అడగబుద్ధి కాలేదు. నాకు తెలియదు అని కాగితం మీద పెట్టడం నాకు అలవాటు లేని పని. పెడుతున్నాను. నాకు తెలియదు.

అక్కకు ఇప్పుడు రెండో చెవి కూడా పూర్తిగా పోయింది. మొన్న పోయినప్పుడు పలకముక్క మీద రాసి అడిగాను, నాయన టేపు గుర్తుకు వస్తుందా అని. చదివి, చేత్తో తుడిచేసింది.

"ఇంటికి పోయినాడు కదరా," అంది. "ఇంకేంది."